పెడల్ నొక్కితే బేస్ ఎందుకు మాయమైంది?



ఈ పాఠం ఒక కళాశాల వార్షికోత్సవంలో మొదలయింది. కొన్నేళ్ల క్రితం మా విద్యార్థులు నలుగురు కలిసి ఒక బ్యాండ్ కట్టారు. ఒకరు పాట, ఒకరు డ్రమ్స్, ఒకరు లీడ్ గిటార్, నాలుగో అబ్బాయి బేస్ గిటార్. మొదటి పాట చక్కగా సాగింది. రెండో పాటలో పల్లవి దగ్గరికి వచ్చేసరికి బేస్ వాయించే అబ్బాయి కాలి దగ్గరున్న చిన్న పెట్టె మీటను ఒక్క తొక్కు తొక్కాడు. పాట ఇంకా గంభీరంగా మారుతుందని అతని ఆశ. జరిగింది వేరు. అప్పటిదాకా కుర్చీల కిందనుంచి వస్తున్నట్లున్న అడుగు స్వరం ఒక్కసారిగా పోయింది. లీడ్ గిటార్ వెనకాల తేనెటీగల రొద లాంటిది మిగిలింది. పాట కింద నేల లాగేసినట్లయింది.

చిత్రమేమిటంటే, వేదిక మీద నిలబడిన అతనికి మాత్రం అది బ్రహ్మాండంగా వినబడిందట! మర్నాడు స్నేహితులు "నువ్వు వాయించినా వాయించకపోయినా ఒకటేరా" అన్నారని చిన్నబోయిన ముఖంతో ప్రయోగశాలకు వచ్చాడు. "సార్, పెడల్ చెడిపోయిందా, నాకే వాయించడం రాదా?" అని అడిగాడు. ఈ రెండూ కావని తేల్చుకోవడానికి మాకు మూడు సాయంత్రాలు పట్టింది. ఆ మూడు సాయంత్రాలూ మేము చేసినదే మీకు చెప్పబోతున్నాను.

ముందు వాద్యం సంగతి చూద్దాం. ఇళయరాజా స్వరపరచిన తెలుగు పాటలు ఏవైనా మంచి స్పీకర్లలో వినండి. గాయకుడి గొంతుకు కింద, తబలాకూ డ్రమ్స్‌కూ తోడుగా, తనదైన మరో పాట పాడుతున్నట్లు నడిచే లోతైన స్వరం ఉంటుంది. అదే బేస్ గిటార్. దానికి సాధారణంగా నాలుగు తీగలు. మామూలు గిటార్‌లో అన్నిటికంటే మందపు తీగ సెకనుకు 82.4 కంపనాలు చేస్తే, బేస్ గిటార్‌లో మందపు తీగ అందులో సగం, అంటే 41.2 కంపనాలు చేస్తుంది. మిగతా మూడూ 55, 73.4, 98 హెర్ట్జ్‌లు. తీగ ఉక్కుది కాబట్టి అది అయస్కాంతమున్న తీగచుట్ట ఎదుట కంపిస్తే చుట్టలో విద్యుచ్ఛాలక బలం ప్రేరితమవుతుంది. ఫారడే సూత్రం మీరు చదివే ఉన్నారు. ఆ చిన్న విద్యుత్ సంకేతం పెడళ్లలోకి, అక్కడినుంచి వర్ధకంలోకి, చివరకు స్పీకర్‌లోకి వెళుతుంది.

తీగ ఒక్క పౌనఃపున్యంతోనే కంపించదన్నది కూడా మీకు తెలుసు. 41.2తో పాటు 82.4, 123.6, 164.8 ఇలా అనుస్వరాలు పుడతాయి. ప్రాథమిక స్వరం ఏ శృతో చెబుతుంది, అనుస్వరాల పాళ్లు అది ఏ వాద్యమో చెబుతాయి.

డిస్టార్షన్ పెడల్ చేసే పని ఈ పాళ్లను మార్చడం. ఎలాగో చూడడానికి మొదటి సాయంత్రం ఆడియో ఆసిలేటర్‌నుంచి 100 హెర్ట్జ్‌ల శుద్ధ సైన్ తరంగాన్ని సి.ఆర్.ఓ. తెర మీదికి తీసుకున్నాం. దారిలో ఒక నిరోధం పెట్టి, ఆ తరవాత రెండు సిలికాన్ డయోడ్‌లను ఒకదానికొకటి వ్యతిరేకంగా భూమికి కలిపాం. వోల్టేజి 0.6, 0.7 వోల్టులు దాటగానే ఒక డయోడ్ పైభాగాన్నీ, రెండోది కిందిభాగాన్నీ కత్తిరించేస్తాయి. సంకేతం పెంచుతూ పోతే గుండ్రని కొండలు చదునెక్కి చివరకు దాదాపు చతురస్రాకార తరంగంగా మారతాయి. ఈ ప్రయోగం మీ ప్రయోగశాలలోనూ చేయవచ్చు, ఖర్చు దాదాపు లేదు. స్పీకర్ తగిలించి వినండి. మెత్తని "ఊ" కాస్తా గరగరలాడే "ఆ" అయిపోతుంది. ఫోరియర్ 1822లో ప్రచురించిన గ్రంథం చెప్పినట్లు ఏ ఆవర్తన తరంగమైనా సైన్ తరంగాల మొత్తమే కాబట్టి, మూలలు పుట్టాయంటే కొత్త అనుస్వరాలు పుట్టాయన్నమాట. పైనా కిందా సమానంగా కత్తిరిస్తే 3, 5, 7వ అనుస్వరాలు మాత్రమే వస్తాయి. ఒకవైపు ఎక్కువ కత్తిరిస్తే 2, 4వ అనుస్వరాలు కూడా తోడవుతాయి.

ఇదేదో పాశ్చాత్యుల గోల అనుకోకండి. తంబురాలో బ్రిడ్జి మీద తీగ కింద సన్నని దారప్పోగు ఉంచుతారు చూశారా, జీవాళి అంటారు దాన్ని. దాన్ని అటూ ఇటూ జరిపి సరైన చోటికి తెస్తే తీగ బ్రిడ్జిని ఒరుసుకుంటూ కంపించి జుమ్మని పలుకుతుంది. సాఫీగా కదలవలసిన తీగకు ఒక అడ్డు తగిలి అనుస్వరాలు విరగపూస్తాయి. భారతీయ తంత్రీవాద్యాలలోని ఈ విశేషం మీద సి.వి. రామన్ 1921లో పరిశోధన పత్రం రాశారు. డయోడ్ చేసే పనీ, దారప్పోగు చేసే పనీ ఒకటే కాదు గాని దగ్గరి బంధువులే.

బేస్‌కూ డిస్టార్షన్‌కూ ఉన్న సంబంధం కూడా పాతదే. 1960 చివర్లో అమెరికాలోని నాష్‌విల్ నగరంలో మార్టీ రాబిన్స్ పాట ఒకటి రికార్డు చేస్తున్నారు. గ్రేడీ మార్టిన్ అనే ఆయన ఆరు తీగల బేస్ వాయిస్తున్నారు. మిక్సింగ్ కన్సోల్‌లో ఒక ట్రాన్స్‌ఫార్మర్ దెబ్బతిని ఆ స్వరం బొంగురుపోయింది. పారేయకుండా దాన్ని అలాగే ఉంచారు. 1961లో పాట విడుదలయ్యాక అందరూ ఆ బొంగురు స్వరం కావాలన్నారు. అప్పటి ఇంజనీరు గ్లెన్ స్నాడీ ఆ లోపాన్నే కావాలని పుట్టించే ట్రాన్సిస్టర్ వలయం రూపొందించారు. 1962లో అది మాస్ట్రో ఫజ్-టోన్ పేరుతో అమ్మకానికి వచ్చింది. ఇప్పుడందరూ గిటార్ సొత్తనుకునే పెడల్ అసలు బేస్ స్వరంలోనుంచే పుట్టిందన్నమాట.

ఇక మన ప్రశ్నకు వద్దాం. సి.ఆర్.ఓ. తెర మీద చూస్తే ఒక విషయం నన్నూ ఆలోచనలో పడేసింది. కత్తిరించినంత మాత్రాన ప్రాథమిక స్వరం పోదు! చతురస్ర తరంగం ఎత్తు 1 అనుకుంటే అందులోని ప్రాథమిక స్వరం కంపన పరిమితి 1.27, మూడో అనుస్వరం అందులో మూడోవంతు మాత్రమే. లెక్క ప్రకారం అడుగు స్వరం నిక్షేపంగా ఉండాలి. మరి హాలులో ఏమయింది? దొంగ ఇంకెక్కడో ఉన్నాడు. వెతికితే ఒక్కడు కాదు, ఇద్దరు దొరికారు. మూడోవాడు కూడా ఉన్నాడు గాని అతని సంగతి తరవాత.

మొదటి దొంగ కెపాసిటర్. ఆ అబ్బాయి కొన్నది మామూలు గిటార్ కోసం తయారైన పెడల్. పెడల్ లోపల ఒక అంచెనుంచి మరో అంచెకు సంకేతం కెపాసిటర్ల ద్వారా వెళుతుంది. కెపాసిటర్ తక్కువ పౌనఃపున్యాలకు ఎక్కువ అడ్డు చెబుతుంది. ఉదాహరణకు 0.01 మైక్రోఫారడ్ కెపాసిటర్ తరవాత లక్ష ఓమ్‌ల నిరోధం ఉందనుకోండి. ఒకటి బై రెండు పై ఆర్‌సి సూత్రంలో వేస్తే 159 హెర్ట్జ్ వస్తుంది. ఆ హద్దు కింద సంకేతం క్షీణిస్తూ పోతుంది. 41 హెర్ట్జ్ దగ్గర నాలుగోవంతే మిగులుతుంది. అదే కెపాసిటర్‌ను 0.1 మైక్రోఫారడ్ చేస్తే హద్దు 16 హెర్ట్జ్‌కు దిగి మన మందపు తీగ క్షేమంగా దాటిపోతుంది. ప్రసిద్ధమైన ఐబనేజ్ ట్యూబ్ స్క్రీమర్ పెడల్‌లో సంకేతాన్ని పెంచి కత్తిరించే చోట 4.7 కిలో ఓమ్‌ల నిరోధం, 0.047 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఉంటాయి. లెక్క మీరే వేయండి, 720 హెర్ట్జ్ వస్తుంది. నాబ్ పూర్తిగా తిప్పితే అంతకు చాలా పైనున్న స్వరాలు వంద రెట్లు పెరుగుతాయి. 41 హెర్ట్జ్ మాత్రం ఏడు రెట్ల లోపే పెరుగుతుంది. ఇది రూపకర్తల తప్పు కాదు. గిటార్‌కు అడుగు తగ్గిస్తేనే డిస్టార్షన్ శుభ్రంగా వినబడుతుంది. మనిషి కొలతలతో కుట్టిన చొక్కా ఏనుగుకు తొడిగితే దర్జీని నిందించి లాభమేముంది?

రెండో దొంగ మన చెవి. మనిషి చెవి అన్ని పౌనఃపున్యాలనూ సమానంగా వినదని ఫ్లెచర్, మన్సన్ అనే శాస్త్రవేత్తలు 1933లో కొలిచి చూపించారు. 1000 హెర్ట్జ్ దగ్గర 40 డెసిబెల్ ఎంత గట్టిగా వినబడుతుందో, 40 హెర్ట్జ్ దగ్గర అంత గట్టిగా వినబడాలంటే 80 డెసిబెల్‌లకు పైన కావాలి. పెడల్ తొక్కగానే 1000, 2000 హెర్ట్జ్‌ల ప్రాంతంలో కొత్త అనుస్వరాలు పుట్టుకొస్తాయి. చెవికి చాలా గట్టిగా తోస్తుంది. "అమ్మో, మరీ పెద్దదైంది" అనుకుని మనవాడు పెడల్ మీద శబ్దం తగ్గించే నాబ్ తిప్పాడు. పైస్వరాలతో పాటు 41 హెర్ట్జ్ కూడా తగ్గిపోయింది. చెవికి ముందరా వెనకా సమానంగానే ఉంది. హాలులో నేలను పట్టి ఉంచవలసిన శక్తి మాత్రం పోయింది. పోలిక చెవికే వదిలేస్తే జరిగేది ఇదే.

ఇక్కడ మీలో ఎవరైనా అడగవచ్చు. డిస్టార్షన్ వల్ల ఇంత నష్టమైతే బేస్‌కు అది అసలెందుకు? మంచి ప్రశ్నే. సెల్‌ఫోన్‌లోని చిన్న స్పీకర్ 41 హెర్ట్జ్‌ను పలకలేదు. అయినా ఫోన్‌లో పాట వింటూ బేస్ ఏ స్వరమో మీరు పోల్చుకోగలరు. 164.8, 206, 247.2 ఇలా వరస అనుస్వరాలు చెవిన పడితే, వాటిమధ్య దూరం 41.2 కాబట్టి లేని ప్రాథమిక స్వరాన్ని మెదడే పూరించుకుంటుంది. డిస్టార్షన్ ఈ అనుస్వరాలను దండిగా ఇస్తుంది కాబట్టి రద్దీ సంగీతంలోనూ బేస్ నడక స్పష్టమవుతుంది. పైగా ఆ మొరటుదనంలో ఒక అందమూ ఉంది. మెటాలికా బృందంలో క్లిఫ్ బర్టన్ 1983లో డిస్టార్షన్, వా-వా పెడళ్లతో బేస్‌నే ప్రధానంగా చేసుకుని ఒక అంశమంతా నడిపారు. నా వయసువాళ్లకు మొదట చెవులు నొప్పెట్టాయి గాని రెండోసారి వింటే ఆ చేతివేళ్ల లెక్క తెలిసింది.

కాబట్టి పెడల్ పారేయడం పరిష్కారం కాదు. రెండో సాయంత్రం మేము పట్టుకున్న ఉపాయం ఇది. సంకేతాన్ని రెండు దారులుగా చీల్చాలి. ఒక దారిలో ఏ మార్పూ లేని శుద్ధ బేస్. రెండో దారిలో డిస్టార్షన్. చివర రెంటినీ కలపాలి. అడుగు స్వరం మొదటి దారిలో వస్తుంది, గరగర రెండో దారిలో వస్తుంది. రెండో దారిలో 200 హెర్ట్జ్‌ల కింద ఉన్నదంతా ముందే తీసేసినా నష్టం లేదు, ఇంకా శుభ్రంగా ఉంటుంది. 1965లో బీటిల్స్ "థింక్ ఫర్ యువర్‌సెల్ఫ్" పాటలో పాల్ మెకార్ట్నీ మామూలు బేస్ ఒకసారి, ఫజ్ పెట్టిన బేస్ ఒకసారి విడివిడిగా వాయించి కలిపారు. స్టూడియోలో అలా రెండుసార్లు వాయించవచ్చు. వేదిక మీద ఒకేసారి కావాలి కదా. అందుకే బేస్ కోసమే తయారైన పెడళ్ల మీద బ్లెండ్ అనో, డ్రై అనో, బ్యాలెన్స్ అనో రాసి ఉన్న నాబ్ ఉంటుంది. కొనేటప్పుడు మిగతా మెరుగులకంటే ముందు చూడవలసింది ఆ నాబే.

మీరే రెండు దారులు కట్టుకుంటే ఒక జాగ్రత్త కావాలి. ఉమ్మడి ఉద్గార వర్ధకం సంకేతాన్ని 180 డిగ్రీలు తిప్పుతుందని ఇంటర్మీడియట్‌లో చదివారు. పెడల్‌లో అలాంటి అంచెలు బేసిసంఖ్యలో ఉంటే, బయటికొచ్చిన తరంగం శుద్ధ తరంగానికి వ్యతిరేక దశలో ఉంటుంది. రెంటినీ కలిపితే అడుగు స్వరాలు ఒకదాన్నొకటి మింగేస్తాయి. మాకు మొదటిసారి సరిగ్గా అదే అయింది! కలపకముందు ఉన్న బేస్ కూడా కలిపాక లేదు. పరీక్షల్లో రెండు మార్కులకు రాసి మరిచిపోయే వాక్యం ఆ పూట మా ముందు నిలబడి నవ్వింది. దశను తిప్పే మరో అంచె చేర్చగానే నేల తిరిగి వచ్చింది.

వాయించే తీరు కూడా కొంత మార్చుకోవాలి. డిస్టార్షన్‌లోకి రెండు స్వరాలు ఒకేసారి పంపితే వాటి మొత్తాలూ భేదాలూ కొత్త స్వరాలుగా పుడతాయి. 55 హెర్ట్జ్ షడ్జమం, 82.4 హెర్ట్జ్ పంచమం కలిపి వాయిస్తే భేదం 27.4. అది దాదాపు షడ్జమానికి కింది స్థాయి షడ్జమమే, బాగుంటుంది. అదే షడ్జమంతో 69.3 హెర్ట్జ్ అంతర గాంధారం కలిపితే 14.3, 124.3 వంటి పొంతన కుదరనివి పుట్టి బురదగా వినబడుతుంది. డిస్టార్షన్ ఉన్నంతసేపూ ఒంటి స్వరమో, పంచమమో చాలు.

మిగిలిన పెడళ్ల గురించి క్లుప్తంగా చెబుతాను. ఒక స్థాయి కింది స్వరం పుట్టించే ఆక్టేవ్ పెడల్ శుద్ధ తరంగాన్ని చూసి లెక్కపెట్టుకుంటుంది కాబట్టి డిస్టార్షన్‌కు ముందు ఉండాలి. మీటు బలాన్ని బట్టి తెరుచుకునే ఎన్వలప్ ఫిల్టర్ కూడా ముందే ఉండాలి, ఎందుకంటే కత్తిరించాక మెల్లగా మీటినా గట్టిగా మీటినా ఒకటే ఎత్తు. కోరస్ వెనక ఉండవచ్చు గాని అడుగు స్వరాలకు తగలనివ్వకండి, నేల ఊగుతుంది.

ఇప్పుడు మూడో దొంగ. మూడో సాయంత్రం ఖాళీ సమావేశమందిరంలో బ్యాండ్ అంతటినీ నిలబెట్టాం. స్పీకర్ పెట్టె నేలమీద అతని మోకాళ్ల వెనక ఉంది. 30 సెంటీమీటర్ల స్పీకర్ తన వెడల్పుతో పోల్చదగిన తరంగదైర్ఘ్యాలను, అంటే దాదాపు 1000 హెర్ట్జ్‌కు పైవాటిని, టార్చిలైటులా తిన్నగా ముందుకు పంపుతుంది. 41 హెర్ట్జ్ తరంగదైర్ఘ్యం ఎనిమిది మీటర్ల పైనే కాబట్టి అది అన్ని వైపులా పరుచుకుంటుంది. ఫలితం? నిలబడిన మనిషి చెవులకు గరగర తక్కువగా, అడుగు నిండుగా వినబడుతుంది. చాలలేదని అతను డిస్టార్షన్ ఇంకా పెంచుతాడు. ఎదుట కూర్చున్నవాళ్లకు గరగర తప్ప ఇంకేమీ ఉండదు. వేదిక మీద బ్రహ్మాండంగా ఉన్నది హాలులో తేలిపోవడానికి ఇదొక కారణం. పెట్టెను కుర్చీ మీదికెక్కించి కాస్త వెనక్కి వాల్చాం. బేస్‌ను స్నేహితుడి చేతికిచ్చి ఆ అబ్బాయి తానే హాలు మధ్యకు వచ్చి నిలబడ్డాడు. "సార్, ఇదా మీరు విన్నది!" అన్నాడు.

పెద్ద వేదికల మీద బేస్ సంకేతాన్ని స్పీకర్ పెట్టెతో పని లేకుండా డి.ఐ. బాక్స్ ద్వారా నేరుగా మిక్సర్‌కు ఇస్తారు. అప్పుడు డిస్టార్షన్ బ్లేడుతో గీకినట్లుంటుంది. 5000 హెర్ట్జ్‌కు పైవాటిని సహజంగా తగ్గించే స్పీకర్ మధ్యలో లేకపోవడమే అందుకు కారణం. సౌండ్ సిస్టం నడిపే ఆయనను పైస్వరాలు తగ్గించమని మర్యాదగా అడగండి. కచేరీకి ముందు ఆయనతో గడిపిన పది నిమిషాలు ఏ పెడల్ కంటేనైనా ఎక్కువ పనిచేస్తాయి.

ఎప్పుడు తొక్కాలన్నది బ్యాండ్‌ను బట్టి తేలుతుంది. లీడ్ గిటార్ కూడా డిస్టార్షన్‌తో వాయిస్తుంటే ఆ మధ్య పౌనఃపున్యాల చోటు నిండిపోయి ఉంటుంది, బేస్ కూడా అక్కడికే ఎగబడితే రెండూ వినబడవు. అతను సోలోకు వెళ్లి వెనక చోటు ఖాళీ అయినప్పుడు బేస్ దాన్ని నింపవచ్చు. ఇంగ్లండులోని రాయల్ బ్లడ్ బృందంలో అసలు గిటారే లేదు. బేస్, డ్రమ్స్, ఇద్దరే మనుషులు. మైక్ కెర్ తన బేస్ సంకేతాన్ని చీల్చి బేస్ వర్ధకానికీ గిటార్ వర్ధకాలకూ పంపుతాడు. 2014లో వచ్చిన వాళ్ల మొదటి ఆల్బం వింటే చోటు అంటే ఏమిటో తెలుస్తుంది. అన్నట్లు, బ్యాండ్‌లో చేరితే చదువు పాడవుతుందని ఇంట్లో కోప్పడితే, ఢిల్లీ బృందం ఇండియన్ ఓషన్‌లో బేస్ వాయించే రాహుల్ రామ్ కార్నెల్ విశ్వవిద్యాలయంలో పర్యావరణ విషశాస్త్రంలో డాక్టరేట్ చేశారని చెప్పండి. చదువు మానమని నేను చెప్పానని మాత్రం చెప్పకండి.

మా అబ్బాయి విషయానికొస్తే, తరువాతి కార్యక్రమంలో శుద్ధ స్వరం నిండుగా ఉంచి, దానికింద డిస్టార్షన్‌ను కూరలో ఇంగువంత కలిపాడు. పల్లవి దగ్గర పెడల్ తొక్కినప్పుడు నా పక్క కుర్చీలోని తెలుగు మాస్టారు ఉలిక్కిపడి కాళ్లు పైకి తీసుకున్నారు. అంతకంటే ప్రశంసాపత్రం ఏముంటుంది!

ఇంకొక్కటి మిగిలింది, ప్రాణాలకు సంబంధించినది. డిస్టార్షన్ చిన్న శబ్దాలను పెద్దవి చేస్తుంది కాబట్టి కరెంటు గుంయ్‌మనడం కూడా పెద్దదవుతుంది. అది పోవాలని కొందరు ప్లగ్గులోని మూడో పిన్ను, అంటే ఎర్త్‌ను, తీసేస్తారు. శబ్దం తగ్గవచ్చు, కానీ వర్ధకంలో ఏ తీగైనా తెగి పెట్టెకు తగిలితే 230 వోల్టులు గిటార్ తీగల మీదికి వస్తాయి. ఎదురుగా ఎర్త్ అయిన మైకును పెదవులతో తాకే గాయకుడు ఉంటాడు. ఆ పని ఎవరు చెప్పినా చేయకండి. వర్ధకాలు, పెడళ్లు అన్నిటికీ కరెంటు ఒకే ఎర్త్ ఉన్న బోర్డునుంచి తీసుకోండి. పెడళ్లకు మంచి అడాప్టరో, బ్యాటరీయో వాడండి.

అయినా కొంత గుంయ్ మిగులుతుంది. దానితో ఒక చిన్న ప్రయోగం చేయవచ్చు. మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్, పూర్ణతరంగ ఏకధిక్కరణి దాటాక మిగిలే అలలు 100 హెర్ట్జ్. బేస్ గిటార్‌లో అన్నిటికంటే సన్నని తీగ 98 హెర్ట్జ్. రిహార్సల్ గదిలో ఆ గుంయ్ వినబడుతున్నప్పుడు ఆ తీగను మెల్లగా మీటి చెవిపెట్టి వినండి. సెకనుకు రెండుసార్లు శబ్దం ఉబ్బి తగ్గుతుంది. విస్పందనాలు! నాలుగో ఐదో వస్తున్నాయంటే ముందు తీగ శృతి సరిచూసుకోండి.